రెండు బుగ్గల లెక్క

ఓర్ యెహూదాలో హెస్కేల్ అనే పేరుగలవాళ్ళు ముగ్గురున్నారు. ఒకతను చేపలమ్ముతాడు. ఒకతను ఇరుగుపొరుగు మీద కేసులు వేస్తాడు. మూడో అతను కొమ్ము ఊదుతాడు. మనకు కావలసింది ఈ మూడో హెస్కేల్.

ఈయనకు డెబ్బై రెండేళ్ళు. నలభై నాలుగేళ్ళపాటు ఊరి చివర రేకుల షెడ్డులో కార్ల రేడియేటర్లు బాగుచేశాడు. నీళ్ళు చూసుకోకుండా ఇంజను మాడ్చుకొచ్చినవాళ్ళని బండి దిగకముందే అందుకునేవాడు. "నీకు పొద్దున్నే టీ కావాలి, పదింటికి కాఫీ కావాలి. దీనికి మాత్రం చుక్క నీళ్ళు అక్కర్లేదా? ఇదేమన్నా ఒంటెనా?" పని బాగుండేది కాబట్టి జనం ఆ తిట్లు తిని, రేడియేటరు బాగుచేయించుకుని, మరుసటి ఏడాదికి మళ్ళీ వచ్చేవాళ్ళు. మూడేళ్ళ కిందట షెడ్డు మూసేశాడు గాని నోరు మూయలేదు. పెద్దకొడుకు సామీ పేరుమీద పేటలో అందరూ ఆయన్ని అబూ సామీ అంటారు. ఆయన వెనక ఏమంటారో అది వేరే సంగతి.

బాగ్దాదు నుంచి వచ్చిన యూదుల ప్రార్థనాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పొట్టేలు కొమ్ము ఊదేది ఆయనే. కొత్త సంవత్సరం రెండు రోజులూ చాలాసార్లు ఊదాలి, అది చాకిరీ. అసలు ఊదు పదో రోజున, యోమ్ కిప్పూర్ ఉపవాసం ముగిసే క్షణంలో. ఇరవై అయిదు గంటలు అన్నం నీళ్ళు ముట్టకుండా, చేసిన పాపాలూ చెయ్యని పాపాలూ అక్షరమాల వరసలో ఒప్పుకుంటూ, గుండెల మీద గుద్దుకుని గుద్దుకుని అలిసిపోయిన మూడు వందల మంది, ఆ ఒక్క ఊదు చెవిన పడితే గాని ఇంటికి కదలరు. ఆ క్షణంలో హెస్కేల్ రెండు బుగ్గలూ రెండు దానిమ్మపళ్ళలా పొంగుతాయి. మెడ నరాలు తాళ్ళలా తేలతాయి. పైన ఆడవాళ్ళ వరండాలో కూర్చున్న పిల్లలు అది చూడ్డానికే వస్తారు. ఏడాది పొడుగునా ఆయన బతికేది ఆ అరనిమిషం కోసమేనని ఆయన భార్య వయొలెట్ అంటుంది. పొగడ్తగా మాత్రం అనదు.

ఆ కొమ్ము మీద కన్నేసినవాడు ఇంకొకడున్నాడు. మురాద్. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు స్టాంపులు గుద్ది రిటైరయ్యాడు. కాస్త చెవుడు, నోటినిండా కట్టుడు పళ్ళు. హెస్కేల్‌కి రెండు కుర్చీల అవతల కూర్చుంటాడు. హెస్కేల్ తుమ్మితే చాలు, మురాద్ ఆశగా తలతిప్పి చూస్తాడు.

అలాంటి హెస్కేల్‌ని ఆ ఏడాది వేసవిలో కిడ్నీ డాక్టరు కూర్చోబెట్టి చెప్పింది. డాక్టరు పేరు రెగీనా. రష్యా మనిషి. మాటలు ఇంజక్షనులా సూటిగా దించుతుంది.

"ఈసారి ఉపవాసం కుదరదు."

"ఒక్కరోజేగా డాక్టరమ్మా!"

"మీకు కిడ్నీ కూడా ఒక్కటేగా."

నిజమే. ఒకటి అయిదేళ్ళ కిందటే తీసేశారు. మిగిలిన దాన్లో రాయి. నీళ్ళు తగ్గితే అదీ చేతులెత్తేస్తుందని ఆమె కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించింది. బొమ్మ అచ్చం రేడియేటరులా ఉందని హెస్కేల్‌కి ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి అరిస్తే వయొలెట్ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది: "ఊళ్ళోవాళ్ళందర్నీ 'బండేమన్నా ఒంటెనా' అని తిట్టావు కదా. ఇప్పుడు నువ్వెవరనుకుంటున్నావు?"

ఈ ఇంట్లో న్యాయం దొరకదని తేల్చుకుని హెస్కేల్ ప్రార్థనాలయం గురువు రబ్బీ దగ్గరికి పోయాడు. రబ్బీ యోతామ్‌కి ముప్పై నాలుగేళ్ళు. ముగ్గురు చంటిపిల్లలు. ఎప్పుడు చూసినా భుజం మీద పాల మరక ఉంటుంది. ఆయన అక్కడికక్కడే డాక్టరుకి ఫోను చేసి అయిదు నిమిషాలు మాట్లాడి పెట్టేశాడు.

"తాగాలి, అబూ సామీ. కొంచెం కొంచెంగా తాగాలి. ఒక్కసారికి బుగ్గ నిండే దానికన్నా తక్కువ. దానికీ దానికీ మధ్య తొమ్మిది నిమిషాలు ఎడం. అలా తాగితే తాగినట్టు కాదు. మీ ప్రాణం మీదికొచ్చేటప్పుడు తాగడమే దేవుడి ఆజ్ఞ."

"నేను తాగను."

"అయితే కొమ్ము ముట్టుకోవద్దు."

హెస్కేల్ జడిసింది పాపానికి కాదు. "రబ్బీ, తాగినవాడు ఊదితే అది ఊదేనా? ఉపవాసం విడవమని చెప్పే ఊదు, ఉపవాసం లేనివాడి నోట్లోంచి వస్తే జనం ఒప్పుకుంటారా? మురాద్ ఏమంటాడు?"

"ఊదే. నిస్సందేహంగా ఊదే. అయినా మురాద్‌కి మిమ్మల్నెవరు చెప్పమన్నారు?"

అలా ఒప్పందం కుదిరింది. తాగాలి, ఊదాలి, ఎవరికీ తెలియకూడదు. రబ్బీ పద్ధతంతా అచ్చువేసిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. "నాకు తెలుసులెండి," అని హెస్కేల్ దాన్ని మడిచి జేబులో పెట్టాడు.

బుగ్గ కొలత పండగ మొదలుకాకముందే తీసుకోవాలి. ఎవరి బుగ్గ వాళ్ళ లెక్క. పండగ ముందురోజు మధ్యాహ్నం చిన్నకూతురు ఓస్నాత్ ఆరునెలల పాపనెత్తుకుని, చేతిలో గీతలున్న గాజు గొట్టం పట్టుకుని వచ్చింది. ఆమె తాగునీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. పాప ఎన్నింటికి పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది అన్నీ పుస్తకంలో రాస్తుంది. తండ్రి కిడ్నీ అంకెలు కూడా అదే పుస్తకంలో వెనకపేజీల్నుంచి రాస్తుంది.

"నాన్నా, దీంతో కొలుద్దాం. తేడా రాదు."

"ఇదేమన్నా మందుల షాపా? నా బుగ్గలు నేను కొలుచుకోలేనా? ముప్పై ఒక్క ఏళ్ళుగా వాటితోనేగా బతుకుతున్నాను!"

సన్నటి నడుమున్న టీ గ్లాసొకటి తీసుకుని స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడి నోట్లో నీళ్ళు పోసుకున్నాడు. కొమ్ము ఊదేవాడికి బుగ్గ నిండడమంటే ఒకటే అర్థం. రెండు వైపులా దానిమ్మపళ్ళు లేచేదాకా పోసుకున్నాడు. గ్లాసులో ఊశాడు. గ్లాసు ఇంచుమించు నిండింది. తన బుగ్గల మీద తనకే గౌరవం కలిగింది. దానికి ఒక వేలు కిందగా, వయొలెట్ గోళ్ళరంగుతో ఎర్రగీత గీశాడు.

"నా గోళ్ళరంగు సీసా మూత ఎవరు తీశారు?" బయటినుంచి వయొలెట్ అరిచింది.

"దేవుడి పనిమీద తీశాను."

"దేవుడికి గులాబీరంగు చాలదా? కొత్త ఎర్రదే కావాల్సొచ్చిందా?"

ఉపవాసం ఆ సాయంత్రం మొదలైంది. రాత్రి నిద్రలో గడిచిపోయింది. తెల్లారి ఆరున్నరకల్లా హెస్కేల్ తెల్లబట్టలు కట్టుకుని, తోలుచెప్పులు నిషిద్ధం కాబట్టి ప్లాస్టిక్ చెప్పులు టపటపలాడించుకుంటూ ప్రార్థనాలయానికి చేరాడు. గ్లాసూ నీళ్ళసీసాలూ ముందురోజే వెనకగదిలో దాచాడు. చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాలు సమాధి చెయ్యడానికి వేచి ఉండే గది అది. పక్కనే మరుగుదొడ్డి. అటు వెళ్ళేవాణ్ణి ఎవరూ ఎందుకని అడగరు. ఏర్పాటు చూసుకుని ఆయన తనను తానే మెచ్చుకున్నాడు.

మొదటి గ్లాసు గొంతు దిగనని మొరాయించింది. అరవై ఏళ్ళుగా ఈ రోజున నోట్లోకి చుక్క వెళ్ళలేదు. చిరిగిన పుస్తకాల గుట్ట ఆయన్ని గుడ్లప్పగించి చూస్తున్నట్టుంది. "నన్ను చూడకండి, రబ్బీనడగండి," అని వాటికి చెప్పి, కళ్ళు మూసుకుని, ఎర్రగీత దాకా తాగాడు. చేతిగడియారం చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు. రెండో గ్లాసు. పదో గ్లాసుకల్లా గొంతు వాదించడం మానేసింది.

మధ్యలో నిలబడి తీరవలసిన ప్రార్థనలున్నాయి, అప్పుడు కుదరలేదు. మిగతా అన్నిసార్లూ లేచాడు. లేచినప్పుడల్లా మురాద్ మోకాళ్ళు దాటాలి. అయిదోసారికి మురాద్ మోకాళ్ళు పక్కకి తిప్పడం మానేసి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. పన్నెండోసారికి ముందు వరసకి వంగాడు. చెవిటివాడి గుసగుస అంటే మామూలువాడి ఉపన్యాసం.

"ప్రోస్టేటు! మా బావమరిదికీ ఇలాగే మొదలైంది!"

ముందు వరసలోని కూరగాయల జాకబ్ సానుభూతిగా తలూపాడు. "గుమ్మడిగింజలు తినాలి. పచ్చివి."

"గింజలకి లొంగే దశ దాటిపోయింది, చూస్తున్నావుగా నడక!"

హెస్కేల్ తిరిగొచ్చేసరికి మూడు వరసలు ఆయన్ని జాలిగా చూస్తున్నాయి. వాసన చూసి సేదతీరమని లవంగాలు గుచ్చిన నిమ్మకాయ చేతులు మారుతూ వస్తే, జాకబ్ దాన్ని ఆయన చేతిలోనే ఉంచేశాడు. "నీ దగ్గరే ఉంచుకో అబూ సామీ. నీకే అవసరం." మామూలు రోజైతే హెస్కేల్ ఆ నిమ్మకాయతోనే కొట్టేవాడు. కాని ప్రోస్టేటు మంచి ముసుగు. తల వంచుకుని కూర్చున్నాడు. విచిత్రమేమిటంటే పదిగంటలు దాటినప్పట్నుంచి ఆయనకు పక్క తలుపు అవసరం కూడా నిజంగానే పడుతోంది. జనం అల్లిన అబద్ధాన్ని ఒళ్ళు నిజం చేస్తున్నట్టుంది.

ఒంటిగంటన్నరకి ప్రార్థనకి విరామం ఇచ్చారు. జనం ఇళ్ళకి పడకలకి పోయారు. హెస్కేల్ వెనకగదిలో పుస్తకాల పెట్టెమీద కూర్చుని ఉండగా ఓస్నాత్ పాపని తోపుడుబండిలో వేసుకుని, పండగనాడు కార్లు తిరగని రోడ్డు మధ్యలో సైకిళ్ళ పిల్లల్ని తప్పించుకుంటూ వచ్చింది.

"ఎలా ఉంది నాన్నా? నడుంనొప్పి ఉందా? ఎన్నిసార్లు తాగావు?"

"ముప్పై ఒకటి. గడియారం ప్రకారం. నువ్వు కూడా ఇంత పద్ధతిగా చెయ్యలేవు."

ఓస్నాత్ మొహంలో నిన్నటినుంచి మొదటిసారి రంగొచ్చింది. తర్వాత గ్లాసు చూసింది. తీసి వెలుతురుకి పట్టుకుంది.

"ఈ గీత ఏమిటి?"

"నా బుగ్గ. ఒక వేలు తగ్గించి."

"ఒక్క బుగ్గా?"

"మనిషికి బుగ్గలు రెండు కదే?"

ఓస్నాత్ బండి హేండిలు వదిలేసింది. "నాన్నా, రబ్బీ ఇచ్చిన కాగితం ఏది?" హెస్కేల్ జేబులోంచి మడత తీసిచ్చాడు. ఆమె చదివింది. నోట్లో నీళ్ళు ఒక పక్కకి తోస్తే ఆ ఒక్క బుగ్గ పొంగేంత అని అందులో రాసి ఉంది. పెద్దవాళ్ళకి సుమారు నలభై మిల్లీలీటర్లు, దానికన్నా తక్కువే తాగాలి.

"మరి ఇదెంత?" అడిగాడు హెస్కేల్.

"ఎనభై. ఎనభై ఇంటూ ముప్పై ఒకటి..." ఆమెకి కాగితం అక్కర్లేదు. "రెండు లీటర్ల నాలుగు వందల ఎనభై. నాన్నా, పొద్దుట్నుంచి రెండున్నర లీటర్లు తాగావు! మామూలు రోజున అందులో సగం తాగించడానికి అమ్మ నీతో యుద్ధం చేస్తుంది!"

ముప్పై ఒక్కసార్లు. ఒక్కో గ్లాసూ ఒక్కో పూర్తి పాపం. అదీ తన బుగ్గల మీద తనకున్న గర్వం వల్ల. ఊళ్ళో పరమ నాస్తికుడు, బీరువాల మోషే కూడా ఈ రోజున ఇంత తాగి ఉండడు. వాడు ఫ్రిజ్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్తాడేమో.

పాప నిద్ర లేచి ఏడవసాగింది. ఓస్నాత్ ఎత్తుకుని ఊపుతూ, "ఒక లెక్కన కిడ్నీకి మంచిదే జరిగింది. సోడియం పడిపోయి ఉంటుందా? తలనొప్పి ఉందా? నా వేళ్ళెన్ని?" అని అడుగుతూనే ఉంది. ఆమె వేళ్ళు రెండు. హెస్కేల్‌కి రెండు అన్నమాటే వినబుద్ధి కాలేదు.

రబ్బీ యోతామ్ ఖాళీ హాల్లో బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. హెస్కేల్ ఓస్నాత్‌తో వచ్చి నిలబడి అంతా చెప్పాడు. రబ్బీ లేచి కూర్చున్నాడు. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని హెస్కేల్ భయపడ్డాడు. చేతులు తీశాక తెలిసింది, నవ్వు ఆపుకుంటున్నాడని.

"క్షమించండి. ఆకలికి నవ్వు ఆగడంలేదు. అబూ సామీ, మీరు తెలిసి చేశారా?"

"లేదు."

"తెలియక చేసినదానికి పశ్చాత్తాపపడాలి. ఇవాళ ఏం రోజు? ఏడాదికొకసారి తెరిచే దుకాణం ముందు నిలబడి, ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. పశ్చాత్తాపపడండి, అయిపోతుంది. ఇక తాగడమంటారా..." ఆయన ఓస్నాత్ వైపు చూశాడు. "కిడ్నీకి రాత్రిదాకా ఇది సరిపోతుందా?"

"ఎల్లుండిదాకా సరిపోతుంది," అంది ఓస్నాత్.

"అయితే ఇక అవసరం తీరింది. ఒంట్లో తేడా అనిపిస్తే వెంటనే చెప్పండి, లేకపోతే ఇప్పట్నుంచి మీరు కూడా అందరిలాగే ఉపవాసం."

"కొమ్ము?"

"మీరే ఊదాలి."

"లేదు రబ్బీ. ఈసారి మురాద్‌కివ్వండి."

రబ్బీ నవ్వు ఆగింది. "ఇది పశ్చాత్తాపమా, రోషమా?"

హెస్కేల్ ఆలోచించాడు. "రెండూను."

మురాద్ నాలుగింటికి తిరిగొచ్చాక హెస్కేల్ పక్కకి పిలిచి చెప్పాడు. మురాద్ వెంటనే నమ్మలేదు.

"ఎందుకు? కొమ్ములో ఏం కుక్కావు?"

"ఏం లేదు. ఈసారి నువ్వు ఊదు, అంతే."

మురాద్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, చటుక్కున భుజం మీద చెయ్యి వేశాడు. "అంత ముదిరిందా?"

ఆ చెయ్యి భుజం మీద బండరాయిలా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు దాచుకున్నది ఇచ్చేస్తే బదులుగా ప్రోస్టేటు జాలి దొరికింది. అయినా పొద్దుట్నుంచి తాగిన ప్రతి గ్లాసుకీ ఇదే సరైన శిక్ష అనుకుని హెస్కేల్ తల ఊపాడు.

సూర్యుడు దిగుతుండగా ముగింపు ప్రార్థన మొదలైంది. పవిత్ర గ్రంథాల బీరువా తలుపులు తెరిచి ఉంచుతారు, తెరిచినంతసేపూ ఓపిక ఉన్నవాళ్ళు నిలబడతారు. మురాద్ ఓపికతో నిమిత్తం లేకుండా నిలబడ్డాడు. కొమ్ము ఊదబోయేవాడు కూర్చోవడమా! పెళ్ళికొడుకులా ఛాతీ విరుచుకున్నాడు. హెస్కేల్ తాగడం ఎప్పుడో ఆపినా లోపల ఉన్నది ఊరుకోదు. మాటిమాటికీ ఇంకా లేచి వెళ్తూనే ఉన్నాడు. ఇప్పుడు వెళ్ళేది మాత్రం ఒక్క తలుపుకే.

అలా తిరిగొస్తూ మురాద్ చెవులు చూశాడు. తెల్లగా ఉన్నాయి. పెదాలు బూడిదరంగు. నుదుటిమీద చెమట లేదు, ఆ ఉక్కలో ఉండాలి. నలభై నాలుగేళ్ళు పొంగబోయే ఇంజన్లని చూసినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. రెండు అంగల్లో చేరుకుని, పడబోతున్నవాణ్ణి చంకల కింద పట్టుకుని మెట్టుమీద కూలేశాడు.

"నీళ్ళు! ఎవరన్నా నీళ్ళు!" జాకబ్ అరిచాడు. ప్రార్థన ఆగిపోయింది. రబ్బీ పరుగెత్తుకొచ్చాడు. "మురాద్, తాగండి. నేను చెబుతున్నాను, తాగండి."

మురాద్ పళ్ళు బిగించాడు. "ఎంతసేపుంది?"

"ఇరవై నిమిషాలు. కాని మీరు ఆగకూడదు."

"అరవై ఏళ్ళలో ఒక్క చుక్క ముట్టలేదు. బీపీ మాత్ర కూడా పొద్దున్న ఎండునోటితోనే మింగాను. ఇరవై నిమిషాల కోసం హెస్కేల్ ముందు తాగుతానా? చచ్చినా తాగను."

ఓస్నాత్ పాపని చంకనేసుకుని కిందికి దిగొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. "నాన్నా, ఈయన నిజంగానే చచ్చేలా ఉన్నాడు," అంది తండ్రి చెవిలో.

హెస్కేల్ మురాద్ మీదికి వంగాడు. మెల్లగా చెప్పాడు. "నేనూ తాగాను."

"ఏమిటి?"

"తాగాను అంటున్నా."

"గట్టిగా చెప్పు, వినబడ్డం లేదు."

చెవిటివాడికి రహస్యం చెప్పే దారి దేవుడు ఇంకా కనిపెట్టలేదు. హెస్కేల్ గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. అందులో కొమ్ముకి పట్టేంత గాలి ఉంది.

"నేను పొద్దుట్నుంచి నీళ్ళు తాగాను! డాక్టరు చెప్పింది, రబ్బీ చెప్పాడు, నేను తాగాను!"

ఎక్కడో ఒక ప్రార్థన పుస్తకం టప్పున మూసుకుంది.

"అబద్ధం," అన్నాడు మురాద్. "నన్ను తాగించడానికి అంటున్నావు."

"ఎన్నిసార్లు బయటికెళ్ళానో లెక్కపెట్టావుగా?"

"ముప్పై ఒకటి, విరామం దాకా. అది ప్రోస్టేటు."

"నా ప్రోస్టేటు గుర్రంలా ఉంది! వెళ్ళిన ప్రతిసారీ గ్లాసు తాగాను. కొలత కూడా తప్పాను. మొత్తం రెండున్నర లీటర్లు!"

పై వరండాలోంచి వయొలెట్ గొంతు ఊడిపడింది. "రెండున్నర లీటర్లా! ఇంట్లో గ్లాసు ఇస్తే చేదు మందులా మొహం పెడతావే! నేను పోసిన నీళ్ళకేమొచ్చింది?"

ఎవరో నవ్వారు. యోమ్ కిప్పూర్ నాడు, తెరిచిన బీరువా ముందు, ముగింపు ప్రార్థనలో. తర్వాత ఇంకెవరో. రబ్బీ నవ్వలేదు గాని పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు.

మురాద్ మాత్రం హెస్కేల్ మొహంలోకే చూస్తున్నాడు. "రెండున్నర లీటర్లు," అన్నాడు నెమ్మదిగా. "అంత తాగి నా పక్కన కూర్చుని గుండెలు బాదుకున్నావా?"

"బాదుకున్నాను. ఇప్పుడు నువ్వు కూడా తాగి బాదుకో. నోరు తెరు. ఒక్క బుగ్గే. నాలా రెండూ నింపావంటే చంపుతాను."

మురాద్ నోరు తెరిచాడు. ఓస్నాత్ కాగితం గ్లాసుతో పోస్తూ హెస్కేల్ ఆపమన్నప్పుడు ఆపింది. మురాద్ మింగి కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి చెవులకి రంగు తిరిగింది. రబ్బీ తన చోటికి వెళ్ళి ప్రార్థన ఆగినచోటే అందుకున్నాడు.

చీకటి పడింది. చివరి వాక్యం ఏడుసార్లు అరిచారు. రబ్బీ కొమ్ము తీసుకొచ్చి మురాద్‌కి అందించాడు. హెస్కేల్ చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు. ఇచ్చిన మాట మాటే.

మురాద్ మెట్టుమీద కూర్చునే ఊదాడు. మేక దగ్గినట్టు ఒక చప్పుడొచ్చింది. మళ్ళీ ఊదాడు. ఈసారి గాలి మాత్రమే వచ్చింది. పై పళ్ళవరస కొంచెం ముందుకొచ్చింది. నాలుకతో వెనక్కి నెట్టుకున్నాడు. తలుపు దగ్గర జనం అప్పటికే ప్రార్థన శాలువాలు మడతపెట్టేశారు, కాని ఊదు లేకుండా కాలు బయటపెట్టలేరు.

"కాదు," అన్నాడు మురాద్. కొమ్ము హెస్కేల్ వైపు చాపాడు. "తీసుకో."

హెస్కేల్ తీసుకోలేదు. చుట్టూ చూశాడు. ఇప్పుడు అందరికీ తెలుసు. ఇంట్లో మొగుడు పొద్దున్నే దొంగతనంగా మిఠాయి తింటే పట్టేసే ఆడవాళ్ళు పైన ఉన్నారు. సేదతీరడానికి చల్లే పన్నీటి చుక్క పెదాల మీద పడితే గబగబా తుడుచుకునే ముసలాళ్ళు కింద ఉన్నారు. వీళ్ళందరి ఉపవాసాన్నీ తాగినవాడి నోరు విప్పాలి. ఎవరో ఒకరు వద్దంటారని ఎదురుచూశాడు.

"ఊదవయ్యా అబూ సామీ!" జాకబ్ అరిచాడు. "మా ఇంట్లో సంబూసలు చల్లారిపోతున్నాయి!"

"హెస్కేల్!" పైనుంచి వయొలెట్. "పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, సిగ్గుపడ్డం రేపు పెట్టుకో!"

ఆయన కొమ్ము పెదాలకానించాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఊదు ఎండిన నోటితోనే ఊదాడు. నాలుక అట్టకట్టి, పెదాలు పగిలి, గొంతులో ఇసుక పోసినట్టుండేది. తడి నోటితో ఎలా ఉంటుందో ఆయనకే తెలియదు. పెదాలు కొమ్ముకి అతుక్కున్నాయి. చప్పుడు దానంతటదే లేచి నిలబడింది. నున్నగా, నిండుగా. రెండు బుగ్గలూ పొంగాయి. ఆయన ఆపబోయాడు, కాని లోపల ఇంకా ఊపిరి ఉంది. ఊదుతూనే ఉన్నాడు. తలుపు దగ్గరివాళ్ళు ఒక కాలు గడప మీద పెట్టి ఆగిపోయారు. పాప ఏడుపు మానేసి నోరు తెరిచింది. ఓస్నాత్ గోడగడియారం చూస్తూ గొణుగుతోంది. "నలభై... నాన్నా, నరం తెగుతుంది... నలభై అయిదు..."

"చాలు అబూ సామీ!" ఎవరో అన్నారు.

"దేవుడు విన్నాడు, ఆపు!"

"యాభై," అంది ఓస్నాత్, ఏడుపుగొంతుతో.

యాభై రెండు దగ్గర ఆపాడు. అలాంటి ఊదు ఆ గోడలమధ్య ఎవరూ ఎరగరు. మెచ్చుకోవడానికి ఒక్కడూ ఆగలేదు. ప్లాస్టిక్ చెప్పుల చప్పుడు వర్షంలా మెట్లు దిగిపోయింది. "మంచి ఏడాది" అని ఒకరికొకరు పరుగులోనే చెప్పుకున్నారు. తాగినవాడి ఊదు చెల్లుతుందా లేదా అని ఎవరూ అడగలేదు. చెల్లింది కాబట్టే పరుగెడుతున్నారు.

హాల్లో ఇద్దరు మిగిలారు. మురాద్ మెట్టుమీదనుంచి లేవడానికి చెయ్యి చాపాడు. హెస్కేల్ లాగి నిలబెట్టాడు. ఇప్పుడు వస్తుంది జాలి, లేకపోతే తాగుబోతన్న మాట అని ఆయన పళ్ళు బిగించుకుని చూస్తున్నాడు.

మురాద్ బట్టలు దులుపుకున్నాడు. "చివర్లో వణికింది," అన్నాడు.

"ఎక్కడ వణికింది?"

"చివర్లో. రెండు సెకన్లు. నాకే వినబడిందంటే చూసుకో."

హెస్కేల్‌కి ఆ పూట అంతకంటే తియ్యటిమాట ఇంకోటి దొరికి ఉండేది కాదు. "నీ చెవులు వణుకుతున్నాయిరా చెవిటి వెధవా," అంటూ అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని మెట్ల వైపు నడిపించాడు.